విత్తు, చేను, ఊడ్పు కూలి

ఆంధ్ర మహాభారతం ఆదిపర్వంలో నియోగ కథ వున్నది. విచిత్రవీర్యుడు సంతానం లేకుండా చనిపోతాడు. తల్లి సత్యవతి వంశం నిలబెట్టడానికి వ్యాసుణ్ణి పిలిపిస్తుంది. పెద్ద కోడలు అంబికకు ధృతరాష్ట్రుడు, చిన్న కోడలు అంబాలికకు పాండురాజు, ఒక దాసికి విదురుడు పుడతారు. క్లాసులో ఈ ఘట్టం వచ్చినప్పుడు అధ్యాపకులం సాధారణంగా రెండు పనుల్లో ఒకటి చేస్తాం. సంప్రదాయం మీద గౌరవం వున్నవాళ్లమైతే, ఆనాటి ధర్మం వేరు అని ఒక్క వాక్యంతో దాటవేస్తాం. అభ్యుదయవాదులమైతే, భూస్వామ్య సమాజంలో స్త్రీ పిల్లల్ని కనే సాధనం మాత్రమే అని ఒక్క వాక్యంతో తేల్చేస్తాం. రెండో వాక్యం మొదటిదానికంటే నిజమైనదే. కాని రెండు వాక్యాల తర్వాతా జరిగేది ఒకటే: పుస్తకం మూసి తర్వాతి పాఠానికి వెళ్లిపోతాం.

నేనూ ఎనిమిదేళ్లుగా ఆ రెండో వాక్యమే చెబుతూ వచ్చాను. కిందటి సంవత్సరం బి.ఏ. విద్యార్థిని ఒకామె లేచి, "మేడమ్, రాణులిద్దరికీ పేర్లున్నాయి కదండీ, మరి ఆ దాసి పేరేంటండీ?" అని అడిగింది. పేరు చెప్పలేదన్నాను. "విదురుడంతటివాణ్ణి కన్నతల్లికి పేరు పెట్టలేదేంటండీ?" అన్నది. క్లాసు నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఈ కథకు వున్న తాళంచెవి ఆ అమ్మాయి చేతికి దొరికిందనీ, నేను ఇన్నాళ్లూ తలుపు ముందే నిలబడి ఉపన్యసిస్తున్నాననీ తోచింది.

నేను ఈ వ్యాసం రాయడానికి మరొక కారణం కూడా వున్నది. తాను నిలబడ్డ చోటు దాచిపెట్టి మాట్లాడడం విమర్శకురాలికి తగదు గనుక చెబుతున్నాను. మాకు పెళ్లై తొమ్మిదేళ్లయింది. పిల్లలు లేరు. నా అండాలతో సంతానం కలిగే అవకాశం లేదనీ, మరొక స్త్రీ అండాన్ని తీసుకుంటే నేను గర్భం మోయగలననీ వైద్యులు చెప్పారు. ఆ కాగితం నా బల్ల మీద ఆదిపర్వం పక్కనే వున్నది. ఒకదాన్ని చదువుతూ రెండోదాన్ని మరచిపోవడం నాకు సాధ్యం కాదు. ఆ అవసరమూ లేదని ఇప్పుడనుకుంటున్నాను.

ముందు కావ్యం సంగతి చూద్దాం. పదకొండో శతాబ్దంలో నన్నయ రాజమహేంద్రవరంలో భారతం తెనిగించడానికి పూనుకున్న సందర్భం అందరికీ తెలిసిందే. రాజరాజనరేంద్రుడు భారతమే ఎందుకు వినగోరాడో కవి అవతారికలోనే చెప్పాడు. ప్రభువు చంద్రవంశపువాడు, పాండవులు తన వంశానికి పూర్వులు, వారి చరిత్ర వినాలని ఆయన కోరిక. అంటే ఆయన అడిగినది తన వంశప్రతిష్ఠ. భారతం ఆయనకు చెప్పినదేమిటి? భీష్ముడు బ్రహ్మచారిగా వుండిపోయాడు, విచిత్రవీర్యుడు బిడ్డలు లేకుండా పోయాడు. శంతనుని రక్తం అక్కడితో ఆగింది. తర్వాత కురువంశమని చెప్పుకున్నదంతా, పడవ నడిపిన పల్లెపిల్ల సత్యవతి పెళ్లికి ముందు పరాశరునివల్ల కన్న కొడుకు సంతానం. ఆ పాండురాజుకైనా స్వయంగా పిల్లలు కలిగారా అంటే అదీ లేదు. కుంతీ మాద్రీ దేవతలను పిలిచి పాండవులను కన్నారు. ఏ రక్తపు హక్కు కోసం పద్ధెనిమిది అక్షౌహిణులు నేలకూలాయో, ఆ రక్తం రాజ్యం కోరిన కౌరవ పాండవుల్లో ఏ ఒక్కరి ఒంట్లోనూ లేదు.

వంశమన్నది రక్తం కాదనీ, రాజ్యానికీ ఆస్తికీ వారసత్వం నడిపించే ఒక లెక్క మాత్రమేననీ ఏ సిద్ధాంతగ్రంథమూ చదవకుండానే మహాభారత కథ ఒప్పుకుంటున్నది. దీన్ని కావ్యంలో లోపంగా భావించి సర్దిచెప్పే వ్యాఖ్యాతలంటే నాకు జాలి. కావ్యం చేసిన గొప్ప పనుల్లో ఇది ఒకటి.

ఆ లెక్క ఎట్లా నడిచేదో ధర్మశాస్త్రాలు విప్పి చెప్పాయి. ఇట్లా పుట్టిన కొడుకుకు క్షేత్రజుడని పేరు. క్షేత్రమంటే చేను, భార్య చేను, భర్త చేను గలవాడు, మరొకడు విత్తు జల్లినవాడు. పంట ఎవరిది? మనుస్మృతి తొమ్మిదో అధ్యాయం ఈ తగవును సుదీర్ఘంగా విచారించి, పరాయి చేలో విత్తినవాడికి ఫలం లేదనీ, పంట చేను గలవాడిదేననీ, ముందుగా ఒప్పందం చేసుకుంటే మాత్రం ఇద్దరికీ భాగమనీ తీర్పు చెప్పింది. అదే అధ్యాయం నియోగాన్ని ఒకచోట అనుమతించి, కొన్ని శ్లోకాలు దాటగానే అది పశుధర్మమని తిట్టింది కూడా. ఆస్తి అవసరమూ పాతివ్రత్య నియమమూ ఒకదాన్నొకటి ఢీకొన్నప్పుడు శాస్త్రం రెండు నాలుకలతో మాట్లాడక తప్పలేదు.

ఈ తీర్పును విదురుని దగ్గరకు తీసుకువెళ్లి చూడండి. ముగ్గురు అన్నదమ్ములకూ విత్తు ఒక్కటే. విత్తే ముఖ్యమైతే ముగ్గురూ సమానులు కావాలి. గుణమే ముఖ్యమైతే విదురుడే రాజు కావాలి. కళ్లులేని అన్నకంటే, పాలిపోయిన రెండో అన్నకంటే అతడు అన్నివిధాలా యోగ్యుడని కావ్యమే పదేపదే చూపిస్తుంది. అయినా అతడు సలహాదారుగా మిగిలాడు, అవమానించదలచినవాళ్లకు దాసీపుత్రుడయ్యాడు. ఎందుకు? చేను రాజుది కాదు గనుక. అంటే విత్తుకూ చేనుకూ మధ్య జరిగిన వాదమంతా ప్రకృతి గురించి కాదు, పట్టా గురించి.

నేను ధవళేశ్వరంలో వుంటున్నాను. 1847లో మొదలుపెట్టి 1852 నాటికి ఆర్థర్ కాటన్ పూర్తిచేయించిన ఆనకట్ట ఈ వూరిదే. అక్కడినుంచి కాలవల్లో దిగిన నీళ్లే డెల్టాను వరిపొలంగా మార్చాయి. ఈ ప్రాంతంలో వరి ఎట్లా పండుతుందో చూసినవాళ్లకు మనువు ఉపమానంలోని లోటు వెంటనే తెలుస్తుంది. ఆయన దృష్టిలో వ్యవసాయమంటే ఒకడు విత్తు జల్లడం, అది మొలిచి అక్కడే పండడం. మా వైపు వూడ్పు వరి అట్లా పండదు. విత్తు ఆకుమడిలో మొలుస్తుంది. మొలక పచ్చబడి అదును వచ్చాక ఆకు తీసి, కట్టలు కట్టి, దమ్ము చేసిన మరో చేలోకి మోసుకుపోయి వూడుస్తారు. ఒక మడిలో మొలిచినది మరో మడిలో పండుతుంది. ఆ రెంటి మధ్య మోకాలిలోతు బురదలో నడుములు వంచి నిలబడినది ఆడకూలీ. విత్తు ఎవరిదని అడగవచ్చు, చేను ఎవరిదని అడగవచ్చు. ఆమె చెయ్యి పడకపోతే విత్తు ఆకుమడిలోనే ముదిరిపోతుంది, చేను బీడుగానే వుంటుంది. అయినా విత్తుకూ చేనుకూ మధ్య తగవు తీర్చే పంచాయతీకి ఆమెను ఎవరూ పిలవరు.

పిలవకపోవడం పాతకాలపు సంగతి అనుకోనక్కరలేదు. డెల్టాలో సేద్యం చాలావరకు కౌలుదార్ల చేతిమీద నడుస్తున్నది. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చినప్పుడు కూడా, సాగుచేసేవాడికి హక్కు కార్డు రావాలంటే భూయజమాని సంతకం కావలసివచ్చింది. సాగు చేశానని చేను గలవాడు ఒప్పుకుంటే తప్ప సాగు చేసినట్టు కాదు. కౌలుదారు సంగతే ఇట్లా వుంటే, రోజుకూలికి వూడ్చి వెళ్లిపోయిన ఆడమనిషి ఏ కాగితంలోనూ కనబడకపోవడంలో వింతలేదు.

ఊడ్పు వరి పోలికను నేను అలంకారం కోసం తేలేదు. ఈనాటి సంతాన వైద్యం దాదాపు ఆ పద్ధతిలోనే నడుస్తున్నది. ఒక స్త్రీ నుంచి అండం తీస్తారు. ప్రయోగశాలలో గాజుపాత్రలో వీర్యకణంతో కలుపుతారు. మూడు నుంచి అయిదు రోజులపాటు పిండాన్ని అక్కడ పెంచి మరొక స్త్రీ గర్భంలోకి మారుస్తారు. శరీరం వెలుపల ఫలదీకరణం జరిపిన బిడ్డ మొదటిసారి ఇంగ్లాండులో 1978 జులై 25న పుట్టింది. దాత అండంతో పుట్టిన బిడ్డ గురించి అమెరికా వైద్యులు 1984లో ప్రకటించారు. వీర్యదానం చరిత్ర అంతకంటే పాతది. దాని మొదటి పుట ఎట్లా వున్నదో మరికొంత ముందుకు వెళ్లాక చెబుతాను.

మా జిల్లా సంగతికి వస్తే, 2019 సెప్టెంబరు 5న గుంటూరులోని ఒక ఆసుపత్రిలో, తూర్పు గోదావరి పల్లెకు చెందిన, డెబ్బై ఏళ్లు దాటిన ఒక స్త్రీకి కవల ఆడపిల్లలు పుట్టారు. భర్త వీర్యం, దాత అండం. దేశదేశాల పత్రికలు రాశాయి. అర్ధశతాబ్దానికి పైగా గొడ్రాలనే మాట పడ్డ మనిషి ఆమె. ఆ వయసులో కడుపు కోయించుకోవడానికి ఆమెను సిద్ధపరచినది మాతృత్వదాహమేనని చాలామంది రాశారు. పేరంటానికి పిలవని వాకిళ్ల సంగతి ఎందరు రాశారు? ఆ వయసులో ఈ చికిత్స చేయవచ్చునా అని వైద్యులలోనే వాదం నడిచింది. 2021లో వచ్చిన సహాయక పునరుత్పత్తి సాంకేతికత నియంత్రణ చట్టం స్త్రీకి యాభై ఏళ్లు, పురుషునికి యాభై అయిదు ఏళ్లు గరిష్ఠ వయసుగా పెట్టింది. ఆ వాదంలోకి నేను పోవడం లేదు. నేను గమనించినది వార్త రాసిన తీరు. దంపతులకు పేర్లున్నాయి, వైద్యులకు పేర్లున్నాయి, వూరికి పేరున్నది. ఆ పిల్లల పుట్టుకకు సగం కారణమైన మూడో మనిషికి మిగిలినది ఒకే మాట: దాత. మా విద్యార్థిని అడిగిన ప్రశ్న ఇక్కడికీ వర్తిస్తుంది.

పేరు బయటపెట్టకపోవడం ఆ స్త్రీ రక్షణకే గదా అని ఎవరైనా అనవచ్చు. నిజమే, ఆమె కోరితే ఆమె పేరు గోప్యంగా వుండవలసిందే. కాని పేరు దాచడం వేరు, మనిషిని లేనట్టు చూడడం వేరు. దాసి పేరు దాచిపెట్టడానికి వ్యాసునికి కారణమేమీ లేదు. అడిగేవారు లేక పేరు లేదు.

అదే 2019 జనవరిలో జలంధర్‌లో భారత సైన్స్ కాంగ్రెస్ జరిగింది. ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉపాధ్యక్షులుగా వున్న పెద్దమనిషి ఆ వేదిక మీద, కౌరవులు నూరుగురూ పరీక్షనాళిక శిశువులేనని, గాంధారి పిండాన్ని కుండల్లో పెంచడమే అందుకు నిదర్శనమని మాట్లాడారు. ఇది సైన్సుకు అపచారమని శాస్త్రవేత్తలు అప్పుడే ఖండించారు. ఇది సాహిత్యానికి కూడా అపచారమని చెప్పవలసిన బాధ్యత మనది. గాంధారి కథలో వున్నది ప్రయోగశాల కాదు. తోడికోడలికి ముందే కొడుకు పుట్టాడని విని, రెండేళ్లు మోసిన కడుపును తానే బాదుకున్న ఒక స్త్రీ అసూయా నిరాశా అందులో వున్నాయి. అవి కూడా రాజ్యం ఎవరి కొడుక్కు దక్కుతుందన్న భయంలోంచి పుట్టినవి. నేతికుండలను మాత్రం తీసుకుని ఆ దెబ్బను వదిలేసేవాడు కావ్యం చదవనట్టే లెక్క.

పూర్వుల విజ్ఞానం మీద ఇంత గౌరవం వున్నవాళ్లు నిన్నమొన్నటి విజ్ఞానిని ఎట్లా చూశామో కూడా తలచుకోవాలి. ఇంగ్లాండు బిడ్డ పుట్టిన రెండు నెలల పైచిలుకుకే, 1978 అక్టోబరు 3న, కలకత్తాలో డాక్టర్ సుభాష్ ముఖర్జీ కృషితో అదే పద్ధతిలో ఒక ఆడపిల్ల పుట్టింది. ప్రభుత్వం నియమించిన కమిటీ ఆయన మాట నమ్మలేదు, అవహేళన చేసింది. విదేశంలో తన పరిశోధన వివరించడానికి అనుమతి ఇవ్వలేదు. పరిశోధనకు సంబంధం లేని చోటికి బదిలీ చేశారు. 1981 జూన్‌లో ఆయన ఆత్మహత్య చేసుకున్నాడు. ఇంగ్లాండు శాస్త్రజ్ఞుడు రాబర్ట్ ఎడ్వర్డ్స్‌కు 2010లో నోబెల్ బహుమతి వచ్చింది. లేని శాస్త్రాన్ని కుండల్లో చూసి పొంగిపోయే సంస్కృతి, వున్న శాస్త్రజ్ఞుణ్ణి బతకనివ్వలేదు. కనుక ఈ విజ్ఞానాన్ని అనుమానంతో చూడమని నేను చెప్పడం లేదు. దాన్ని ఎవరి శ్రమ మీద, ఎవరి అవసరానికి నడుపుతున్నామన్నదే నా ప్రశ్న.

ఆ శ్రమ ఏమిటో చెప్పుకుందాం. స్త్రీ శరీరం మామూలుగా నెలకు ఒక అండాన్ని విడుదల చేస్తుంది. దాత శరీరంలో ఒకేసారి చాలా అండాలు ఎదగాలి గనుక పది పన్నెండు రోజులు వరసగా హార్మోన్ ఇంజెక్షన్లు ఇస్తారు. మధ్యమధ్య స్కానింగులు, రక్తపరీక్షలు. చివరకు మత్తు ఇచ్చి, యోనిమార్గం గుండా సూది పంపి అండాలను లాగుతారు. కొందరికి మందు వికటించి అండాశయాలు వాచి, పొట్టలో నీరు చేరుతుంది. అరుదుగా ప్రాణం మీదికి వస్తుంది. 2014లో ఢిల్లీలో అండాలు ఇచ్చిన ఒక యువతి ఆ చికిత్స తర్వాత మరణించింది. వీర్యదాతకు ఈ బాధ ఏదీ లేదు. ఇద్దరినీ మనం దాత అనే ఒకే మాటతో పిలుస్తున్నాం.

ఈ దానం అనే మాట మీద విమర్శకులు ఆగవలసివుంది. మన సాహిత్యంలో దానానికి పెద్ద చరిత్ర వున్నది. దానం చేసేవాడు గొప్పవాడు, పుచ్చుకునేవాడు తక్కువవాడు. బలి, శిబి, కర్ణుడు అందరూ ఇచ్చినవాళ్లే, కీర్తి పొందినవాళ్లే. అండదానంలో ఇది తలకిందులైంది. ఇచ్చే మనిషి అవసరంలో వున్నది; పుచ్చుకునేవాళ్లం బిల్లు కట్టగలిగినవాళ్లం; కీర్తి ఆసుపత్రిది. ఇటువంటి దానం మనకు మరొకటి తెలుసు. కన్యాదానమనే పవిత్రమైన మాట వెనుక బేరం నడుస్తున్నదని 1892లో రంగస్థలానికెక్కి 1897లో అచ్చయిన నాటకంలో గురజాడ చూపించాడు. ఆ బేరం పేరునే నాటకానికి పెట్టాడు. కన్యాదానం చాటున కన్యాశుల్కం నడిచినట్టే, అండదానం చాటున అండశుల్కం నడుస్తున్నది. 2021 చట్టం అమ్మకాన్ని నేరమన్నది. అండదాత వయసు ఇరవై మూడుకూ ముప్పై అయిదుకూ మధ్య వుండాలన్నది. జీవితంలో ఒక్కసారే ఇవ్వాలనీ, ఏడు అండాలకు మించి తీయరాదనీ, పిల్లలు కోరేవాళ్లు ఆమెకు పన్నెండు నెలల బీమా కట్టాలనీ అన్నది. పుట్టిన బిడ్డ ఆ దంపతుల సొంత బిడ్డేననీ, దాతకు ఏ హక్కూ లేదనీ అన్నది. ఇవి అవసరమైన నిబంధనలే. కాని ధర అన్న మాటను నిషేధిస్తే ధర పోదు. రసీదు మాత్రం పోతుంది. రసీదు లేని కూలికి బేరమాడే హక్కూ వుండదు, ఎగ్గొడితే అడిగే దిక్కూ వుండదు. మధ్యవర్తి మాత్రం బాగుపడతాడు. 2025 జులైలో సికింద్రాబాదులో బయటపడ్డ కేసులో, సరొగసీ ద్వారా పుట్టిన మీ బిడ్డేనని ఒక జంటకు అప్పగించిన శిశువు డి.ఎన్.ఏ. పరీక్షలో వాళ్ల బిడ్డ కాదని తేలింది. ఒక పేద కుటుంబం శిశువును కొని తెచ్చి ఇచ్చారని పోలీసులు చెప్పారు. బజారు ఎంతదూరం పోగలదో దీన్నిబట్టి అర్థమవుతుంది.

మన కళలు ఈ అసమానతను ఎట్లా పట్టుకున్నాయి? 2016లో 'నరుడా డోనరుడా' అనే తెలుగు చిత్రం వచ్చింది. హిందీ 'విక్కీ డోనర్'కు అనుసరణ. వీర్యదాత అందులో కథానాయకుడు. డాక్టరు అతని వెంటపడి బతిమాలతాడు, జనం నవ్వుతారు. ఈ విషయాన్ని నలుగురిలో మాట్లాడుకోదగినదిగా చేసినందుకు ఆ చిత్రాన్ని మెచ్చుకోవచ్చు. కాని అండదాత కథానాయికగా ఒక హాస్యచిత్రం తీయగలరా? పొట్టమీది సూదిమచ్చలు చూసి ఎవరు నవ్వుతారు? పురుషుని విత్తు హాస్యానికి పనికివచ్చింది. స్త్రీ శ్రమ ఏ రసానికీ పనికిరాక తెర వెనుకే వుండిపోయింది.

ఇందాక వాయిదావేసిన వీర్యదాన చరిత్ర ఇక్కడ చెప్పాలి. దాత వీర్యంతో గర్భం కలిగించినట్టు నమోదైన తొలి సంఘటన 1884లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో జరిగింది. లోపం భర్తదని వైద్యుడు పాంకోస్ట్‌కు తెలిసింది. ఆయన భార్యకు క్లోరోఫారం ఇచ్చి, తన శిష్యుల్లో ఒకరి వీర్యాన్ని ఆమెకు ఎక్కించాడు. భర్తకు తర్వాత చెప్పారు. ఆమెకు ఎన్నడూ చెప్పలేదు. పాతికేళ్ల తర్వాత, 1909లో, ఆనాటి శిష్యుడొకడు పత్రికలో రాస్తే లోకానికి తెలిసింది. హస్తినాపురంలో అంబిక కళ్లు మూసుకున్నది; ఫిలడెల్ఫియాలో వైద్యుడే ఆమె కళ్లు మూశాడు. ఒకచోట అత్తగారి ధర్మం, మరోచోట ఆధునిక వైద్యం. స్త్రీ ఇష్టాన్ని అడగకపోవడంలో రెంటికీ తేడా లేదు.

ఇప్పుడు మూడో రాత్రి దగ్గరకు వస్తాను. నాకు ఈ కథలో అన్నిటికంటే కష్టమైన చోటు అదే. మొదటి కొడుకు గుడ్డివాడైనందుకు సత్యవతి అంబికను మళ్లీ వ్యాసుని దగ్గరకు పంపబోయింది. అంబికకు ఇష్టం లేదు. కాదని చెప్పే శక్తీ లేదు. ఆమె తన దాసికి నగలు పెట్టి, తన బదులు పంపింది. మనం అంబికను బాధితురాలిగా చూడడానికి అలవాటుపడ్డాం; ఆమె బాధితురాలే. కాని తన బాధనుంచి తప్పుకోవడానికి ఆమెకు దొరికిన దారి తనకంటే కింద వున్న మరొక స్త్రీ శరీరం. పై నుంచి వచ్చిన బలవంతాన్ని ఆమె కిందికి దించింది. వర్గసమాజంలో అణచివేత ఎట్లా మెట్లు దిగుతుందో ఇంతకంటే క్లుప్తంగా చెప్పిన ఘట్టం నాకు తెలియదు. సంస్కృత మూలంలో వ్యాసుడు సంతోషించి దాసికి దాస్యవిముక్తి ఇస్తాడు. మొత్తం కథలో కూలి ముట్టినది ఆమె ఒక్కతెకే. అయినా పేరు దక్కలేదు. కొడుకు దాసీపుత్రుడన్న మాటా తప్పలేదు.

ఇన్నేళ్లూ ఈ పాఠం చెప్పేటప్పుడు నన్ను నేను దాసి పక్షాన వుంచుకున్నాను. బల్లమీది కాగితం చూశాక నా స్థానం అది కాదని తెలిసింది. ఈ కథలో నేను అంబికను. బంధువుల చూపులూ, సీమంతం పిలుపు మా ఇంటి దాకా వచ్చి వెనక్కి మళ్లడాలూ నా మీది ఒత్తిడి. దాని నుంచి నాకు దొరికిన దారి, నాకు తెలియని ఒక ఇరవై అయిదేళ్ల స్త్రీ. ఆసుపత్రిలో మమ్మల్ని ఆమె గురించి అడిగిన ప్రశ్నలు రంగు, ఎత్తు, రక్తవర్గం, గొంతు తగ్గించి, "మీవాళ్లలోనే కావాలాండీ?" అని కులం. విత్తునూ రక్తాన్నీ జయించిందని మనం మెచ్చుకునే శాస్త్రం గుమ్మంలోకే కులం వచ్చి కూర్చున్నది. ఆమెకు ఎంత ముడుతుంది, తర్వాత జబ్బు చేస్తే ఎవరు చూస్తారు అని నేను అడిగితే, "అవన్నీ మీకెందుకండీ, మేం చూసుకుంటాం గదా" అన్నారు. దయగానే అన్నారు. పూర్వం అంబికకు కూడా ఎవరో అట్లాగే చెప్పివుంటారు.

అయితే వద్దనుకోవడమేనా? మిత్రులు కొందరు అదే అన్నారు: అనాథపిల్లలున్నారు గదా, ఈ బజారుకు ఎందుకు పోవడం అని. పిల్లలు లేని స్త్రీకి మాత్రమే ఈ నీతి గుర్తుచేయడం అన్యాయం. బిడ్డలున్నవాళ్లను, మీరు కనేముందు అనాథాశ్రమానికి ఎందుకు వెళ్లలేదని ఎవరూ అడగరు. దత్తత మంచి మార్గమే. అది అందరి ముందూ వుండవలసిన మార్గం, గొడ్రాలికి వేసే శిక్ష కారాదు. అట్లాగే, మరొక స్త్రీ సాయంతో బిడ్డను కనడంలో నాకు అపవిత్రత ఏదీ కనబడదు. రక్తం మీద మోజు తగ్గిన సమాజంలో, కడుపుకు లోటు లేని మనుషుల మధ్య, ఒక స్త్రీ మరొక స్త్రీకి ఇది నిజంగా దానంగానే ఇవ్వగలదు. ఆ సమాజం ఇంకా రాలేదు గనుక, ఈలోగా ఆమె పనిని పని అని పిలవాలి. పనికి రాతపూర్వకమైన ప్రతిఫలమూ, ఏడాదితో ముగియని వైద్యరక్షణా వుండాలి. ఈ చికిత్స పెద్దాసుపత్రుల్లో పేదలకూ అందాలి. గొడ్రాలనే మాట పడేది వాళ్లు కూడా. పుట్టిన బిడ్డకు తన పుట్టుక గురించి నిజం తెలుసుకునే హక్కు వుండాలి. సత్యవతీ కుంతీ దాచిన నిజాల్లో కుంతి దాచినది ఎంత ఖరీదైనదో కర్ణుని చావు దగ్గర చూశాం.

మా ఇంట్లో నిర్ణయం ఇంకా జరగలేదు. జరిగితే, ఆ బిడ్డకు కథ చెప్పేటప్పుడు మూడో మనిషిని వదలకుండా చెప్పాలని మేమిద్దరం అనుకున్నాం. ఇది మా ఇంటి సంగతి. సాహిత్యం సంగతి ఇంతకంటే పెద్దది. పొద్దున్నే బస్సెక్కి పట్నం ఆసుపత్రికి పోయి, పది రోజులు సూదులు పొడిపించుకుని, ఇంట్లో ఏ సాకు చెప్పాలో ఆలోచించుకుంటూ తిరిగివచ్చే స్త్రీ మన చుట్టుపక్కలే వున్నది. ఆ డబ్బు పిల్లల ఫీజుకా, భర్త అప్పుకా, కౌలు బాకీకా? తన పోలికలున్న బిడ్డ ఎక్కడో పెరుగుతున్నదన్న తలపు ఆమెకు ఎప్పుడైనా వస్తుందా? ఇవి చట్టం అడగదు, ఆసుపత్రి అడగదు. రచయిత అడగాలి. ఊడ్పు కూలీని సాహిత్యంలోకి తెచ్చిన మనవాళ్లు ఈమెను బయట నిలబెట్టడానికి కారణం లేదు.

వచ్చే సంవత్సరం నియోగకథ పాఠాన్ని నేను మూడో రాత్రి నుంచి మొదలుపెడతాను. ముందు దాసి, ఆ తర్వాత రాణులు. ఆమె పేరేమిటని మళ్లీ ఎవరైనా అడిగితే, లేదని చెప్పి వూరుకోను. ఎందుకు లేదో చెప్పమని ఆ ప్రశ్నను క్లాసుకే వదులుతాను.